ఒకరు అక్కడ, ఒకరు ఇక్కడ: విడాకుల తరువాత బిడ్డ సంరక్షణ, డబ్బు లెక్కలు తేల్చుకోవడం ఎలా?

"విడాకులు అమెరికా కోర్టులో అయ్యాయి. పాప నా దగ్గర విజయవాడలో ఉంది. ఆయన డబ్బు పంపడం ఆపేశారు. కేసు ఎక్కడ వేయాలి?"

"బాబు డాలస్‌లో వాళ్ల అమ్మ దగ్గర ఉన్నాడు. ఫోనులో కూడా చూపించడం లేదు. హైదరాబాద్ ఫ్యామిలీ కోర్టులో పిటిషన్ వేయవచ్చా?"

ఊళ్లు మారతాయి, పిల్లల వయసులు మారతాయి, ప్రశ్నలు మాత్రం ఈ రెండే. అడిగేవారిలో చాలామంది చేతిలో అప్పటికే ఒక కోర్టు ఆదేశం ఉంటుంది. అది అవతలి దేశంలో పనిచేయదన్న సంగతి అవసరం పడిన రోజునే తెలుస్తుంది. అందుకే ఈ వ్యాసం పొడవునా ఒకే ప్రశ్నను పట్టుకొని నడుద్దాం: ఈ కాగితం ఏ దేశంలో పనిచేస్తుంది? బిడ్డ ఉన్న దేశంలో చెల్లే సంరక్షణ ఆదేశం కావాలి. డబ్బు ఇచ్చే మనిషికి జీతం వచ్చే దేశంలో చెల్లే డబ్బు ఆదేశం కావాలి. ఆస్తి ఏ ఊళ్లో ఉంటే ఆ ఊళ్లో రిజిస్టరయ్యే పత్రం కావాలి. ఒక్క కాగితంతో మూడూ అయిపోతాయనుకోవడం దగ్గరే చిక్కు మొదలవుతుంది.

హిందూ వివాహ చట్టం కింద పెళ్లయి, ఒకరు అమెరికాలో, మరొకరు ఆంధ్రప్రదేశ్‌లోనో తెలంగాణలోనో ఉన్న జంటలను దృష్టిలో పెట్టుకొని ఇది రాస్తున్నాను. వేరే దేశమైతే ఏం మారుతుందో అక్కడక్కడ చెబుతాను.

ముందుగా ఒక మాట

మీ ఇంట్లో హింస ఉంటే ఈ అడుగులన్నీ తరువాత. ముందు మీరూ బిడ్డా క్షేమంగా ఉండాలి. భారత్‌లో 112, మహిళలకు 181, పిల్లలకు 1098. అమెరికాలో 911, గృహహింస సహాయానికి 1-800-799-7233. హింస ఉన్న చోట ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టే రాజీ చర్చలకు ఒప్పుకోవద్దు. పెద్దమనుషులు ఎంత చెప్పినా సరే. హింసపై మీకున్న ఫిర్యాదును డబ్బు కోసం బేరానికి పెట్టవద్దు, బేరంలో వదులుకోనూ వద్దు.

దగ్గర పెట్టుకోవలసినవి

- పెళ్లి సర్టిఫికెట్, బిడ్డ జనన ధ్రువపత్రం, అందరి పాస్‌పోర్టుల, వీసాల, ఓసీఐ కార్డుల (విదేశీ పౌరసత్వమున్న భారత సంతతి వారికిచ్చేవి) నకళ్లు
- బిడ్డ గత రెండేళ్లలో ఎక్కడెక్కడ ఉన్నదీ చూపే ఆధారాలు: బడి రికార్డులు, టీకాల కార్డు, విమాన టికెట్లు, పాస్‌పోర్టులో ముద్రలు
- ఇప్పటికే ఏ దేశంలోనైనా వచ్చిన నోటీసులు, ఆదేశాలు, డిక్రీల (కోర్టు తుది తీర్పు పత్రాల) ధ్రువీకరించిన నకళ్లు
- ఇద్దరి ఆదాయ ఆధారాలు: జీతం స్లిప్పులు, రెండు దేశాల పన్ను రిటర్నులు
- బ్యాంకు ఖాతాలు, ఇంటి రుణాలు, పీఎఫ్, అమెరికాలోని 401కె (పదవీ విరమణ) ఖాతా, ఇన్సూరెన్సు, స్థలాలు, బంగారం జాబితా
- బిడ్డ నెలసరి ఖర్చు, రసీదులతో
- రెండు దేశాల్లోనూ ఒక్కొక్క న్యాయవాది

చివరిదాన్ని చాలామంది ఖర్చని తప్పించుకుంటారు. డాలస్ న్యాయవాదికి మైనర్ల సంరక్షణపై మనకున్న గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం తెలియదు, హైదరాబాద్ న్యాయవాదికి టెక్సాస్ చట్టం తెలియదు. పూర్తి కేసు ఇద్దరికీ అప్పగించనక్కర్లేదు. ఒప్పందం చిత్తు ప్రతిని రెండో దేశపు న్యాయవాదికి ఒక్కసారి చూపించి అభిప్రాయం తీసుకున్నా చాలు. మహిళలకు ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. 1987 నాటి చట్టం ఇచ్చిన హక్కు అది. అడగడానికి మొహమాటపడవద్దు.

1. బిడ్డ ఏ కోర్టు పరిధిలో ఉందో తేల్చుకోండి

మీరు ఎక్కడ ఉన్నారన్నది కాదు, మీ పెళ్లి ఎక్కడ జరిగిందన్నదీ కాదు, బిడ్డ ఎక్కడ ఉంటోందన్నదే ఇక్కడ లెక్క.

భారత్‌లో 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం 9వ సెక్షన్ ప్రకారం, మైనరు మామూలుగా నివసించే చోటి కోర్టుకే సంరక్షణ కేసు వినే అధికారం. అమెరికాలో మసాచుసెట్స్ తప్ప మిగిలిన రాష్ట్రాలన్నీ సంరక్షణ కేసు ఏ రాష్ట్ర కోర్టు వినాలో చెప్పే యూసీసీజేఈఏ అనే ఉమ్మడి చట్టాన్ని అనుసరిస్తాయి. దాని ప్రకారం కేసు వేసే నాటికి బిడ్డ వరుసగా ఆరు నెలలు ఉన్న రాష్ట్రమే సొంత రాష్ట్రం. సెలవులకు అమ్మమ్మ ఊరు వెళ్లి రావడం లాంటి తాత్కాలిక గైరుహాజరు ఆ ఆరు నెలలను తెంచదు.

ఇక్కడే పెద్ద పొరపాటు జరుగుతుంది. గొడవ ముదరగానే బిడ్డను తీసుకొని విమానం ఎక్కి వచ్చేసి, వచ్చిన వారానికే ఇక్కడ పిటిషన్ వేస్తారు. 2019లో సుప్రీంకోర్టుకు వెళ్లిన ఒక తెలుగు కుటుంబం కేసు గుర్తుంచుకోండి. పెన్సిల్వేనియాలో పెరుగుతున్న ఇద్దరు పిల్లలను తల్లి హైదరాబాద్ తీసుకొచ్చి ఫ్యామిలీ కోర్టుకు వెళ్లారు. ఆ పిల్లలు హైదరాబాద్‌లో మామూలుగా నివసించేవారు కారు, ఇక్కడి కోర్టుకు పరిధి లేదు అని తేల్చిన సుప్రీంకోర్టు పిల్లలు అమెరికాకు తిరిగి వెళ్లాలంది. అన్ని కేసులూ అలాగే ముగియవు. విదేశీ కోర్టు ఆదేశం పరిగణించవలసిన అంశాల్లో ఒకటి మాత్రమే, బిడ్డ క్షేమమే అన్నిటికన్నా ముఖ్యం అని 2017లో అదే సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి బిడ్డను ఇక్కడికి తెచ్చేస్తే గెలిచినట్టేనని ఎవరైనా హామీ ఇస్తే నమ్మవద్దు. తెచ్చినవారు తప్పకుండా ఓడిపోతారన్న మాటా నమ్మవద్దు.

హెచ్చరిక: అవతలివారి సంరక్షణ హక్కుకు అడ్డుపడే ఉద్దేశంతో బిడ్డను అమెరికా దాటించడం 1993 నుంచి అక్కడ ఫెడరల్ నేరం, మూడేళ్ల వరకు జైలు. పిల్లల అపహరణపై 1980 నాటి హేగ్ ఒప్పందంలో అమెరికా ఉంది, భారత్ లేదు. ఆ కారణంగానే అమెరికా కోర్టులు బిడ్డను భారత్ పంపడానికి అనుమతివ్వడంలో జంకుతాయి. ఆ జంకు పోగొట్టే దారి 6వ అడుగులో ఉంది.

2. మీ విడాకులు రెండు దేశాల్లోనూ చెల్లుతున్నాయో లేదో చూసుకోండి

తిరుపతిలో పెళ్లి చేసుకొని, అమెరికాలోని మిస్సోరి కోర్టులో భర్త తెచ్చుకున్న విడాకులు చెల్లవని 1991లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. నేటికీ అదే గీటురాయి. ఆ తీర్పును మామూలు మాటల్లో చెబితే ఇలా ఉంటుంది. విదేశీ కోర్టు ఇచ్చిన విడాకులు ఇక్కడ నిలవాలంటే, మన వివాహ చట్టంలో ఉన్న కారణంపై ఇచ్చి ఉండాలి, అవతలి వ్యక్తి ఇష్టపూర్వకంగా ఆ కోర్టు ముందుకు వచ్చి ఉండాలి. లేదా ఇద్దరూ విడాకులకు సమ్మతించి ఉండాలి. నోటీసు పంపాను, వాళ్లు రాలేదు, డిక్రీ వచ్చేసింది అన్న తరహా విడాకులతో ఇక్కడ మళ్లీ పెళ్లి చేసుకుంటే మొదటి పెళ్లి ఉండగానే రెండోది చేసుకున్నారన్న క్రిమినల్ కేసు ఎదురుకావచ్చు.

ఇద్దరికీ ఒప్పుదలే అయితే భారత్‌లో పరస్పర అంగీకార విడాకులు తీసుకోవడం చాలా జంటలకు మేలైన దారి. హిందూ వివాహ చట్టం 13బి సెక్షన్ కింద ఏడాదిగా విడిగా ఉండాలి. ఆపై ఆరు నెలల నిరీక్షణ ఉంటుంది. తగిన సందర్భాల్లో ఆ ఆరు నెలలను కోర్టు మినహాయించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. విదేశంలో ఉన్నవారు అధికారపత్రం (పవర్ ఆఫ్ అటార్నీ) ద్వారా, వీడియో ద్వారా హాజరయ్యేందుకు ముందుగా దరఖాస్తు పెట్టుకోవాలి. ఇచ్చేదీ లేనిదీ కోర్టు ఇష్టం కాబట్టి ఒక్కసారైనా రావలసి వస్తుందనుకొని సెలవు మిగుల్చుకోండి.

జీవిత భాగస్వామి ఉద్యోగ వీసా ఆధారంగా వచ్చే హెచ్-4 వీసాపై ఉన్నవారు ఒకటి గమనించాలి. విడాకుల డిక్రీతోనే ఆ వీసా ఆధారం పోతుంది. బిడ్డ అమెరికాలోనే ఉండాలని మీ ఇద్దరి నిర్ణయమైతే, డిక్రీ రాకముందే వలస న్యాయవాదిని కలిసి మీ వీసా సంగతి చూసుకోండి. బిడ్డ అక్కడ, మీరు అక్కడ ఉండలేని స్థితి, ఇంతకన్నా బాధాకరమైనది ఇంకొకటి నేను చూడలేదు.

3. బిడ్డ రోజులను కాగితం మీద పెట్టండి

ఒప్పందాల్లో ఎక్కువగా కనిపించే వాక్యం: "తండ్రికి తగిన విధంగా బిడ్డను కలిసే అవకాశం ఉంటుంది." ఇది పనికిరాని వాక్యం. తగిన విధం అంటే ఏమిటో వేల కిలోమీటర్ల దూరంలో ఉన్న ఇద్దరు కోపంలో ఉన్నప్పుడు తేల్చుకోలేరు. తేదీలు, గంటలు, టికెట్లు రాయాలి. ఏడేళ్ల పాప తల్లి దగ్గర హైదరాబాద్‌లో, తండ్రి డాలస్‌లో ఉన్నారనుకోండి.

వీడియో కాల్: కస్టడీ లేని తల్లి గానీ తండ్రి గానీ, ప్రత్యేక కారణాలు లేకపోతే, బిడ్డతో రోజూ అయిదు నుంచి పది నిమిషాలు మాట్లాడే హక్కు ఉండాలని 2020 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అదే మీ కనీస కొలత. వారానికి ఒక రోజు పెద్ద కాల్ కూడా రాసుకోండి. సమయం రాసేటప్పుడు బిడ్డ ఉన్న ఊరి గడియారం ప్రకారమే రాయండి. డాలస్‌కూ మనకూ తేడా వేసవిలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర. ఆదివారం ఉదయం 8 గంటలకు హైదరాబాద్‌లో కాల్ అంటే తండ్రికి శనివారం రాత్రి 9:30, నవంబరు మొదటి ఆదివారం గడిచాక 8:30. మార్చి రెండో ఆదివారం మళ్లీ మారుతుంది. ఈ ఒక్క గంట తేడా వల్ల కాల్ తప్పిపోయి, కావాలనే ఎత్తలేదు అంటూ కోర్టుకెక్కేదాకా పోయే తగవులు ఉంటాయి. గడియారం మార్పును ఒప్పందంలోనే ఒక వాక్యంలో రాసేస్తే సరి.

సెలవులు: మన బడులకు వేసవి సెలవులు ఏప్రిల్ చివర మొదలై జూన్ రెండో వారానికి అయిపోతాయి. టెక్సాస్ బడులకు మే చివర మొదలై ఆగస్టు మధ్య దాకా ఉంటాయి. రెండూ కలిసేది రెండు మూడు వారాలే. "ప్రతి వేసవిలో ఆరు వారాలు" అని రాసుకుంటే ఏ దేశపు వేసవి అన్నదే మొదటి తగవు. బిడ్డ చదివే బడి క్యాలెండర్ ప్రకారం అని రాయండి. దసరా, సంక్రాంతి సెలవులను ఏడాది మార్చి ఏడాది పంచుకోండి. తండ్రి ఇక్కడికి వచ్చినప్పుడు బిడ్డతో రాత్రులు ఉండవచ్చా, ఊరు దాటించవచ్చా, నానమ్మ తాతయ్యల దగ్గరికి తీసుకెళ్లవచ్చా, ఇవన్నీ విడివిడిగా రాయాలి. తాతయ్య, అమ్మమ్మ, నానమ్మలను తల్లిదండ్రుల గొడవలోకి లాగకుండా వారికీ ఒక రోజు కేటాయించండి. బిడ్డకు వాళ్లు కావాలి.

ప్రయాణం: టికెట్ ఎవరు కొంటారు, ఎన్ని రోజుల ముందు వివరాలు పంపాలి, బిడ్డ వెంట ఎవరు వెళతారు, తిరుగు టికెట్ తేదీ ఏమిటి. అయిదేళ్ల లోపు పిల్లలను విమాన సంస్థలు సాధారణంగా ఒంటరిగా ఎక్కించుకోవు. ఆపై వయసు వారికి ఒక్కో సంస్థది ఒక్కో నియమం కాబట్టి టికెట్ కొనేముందే కనుక్కోండి.

నిర్ణయాలు: బడి మార్చడం, ఆపరేషన్, ఇల్లు వేరే ఊరికి మార్చడం. వీటిలో ఏవి ఒకరే నిర్ణయించవచ్చు, ఏవి ఇద్దరూ కలిసి, ఎన్ని రోజుల్లో జవాబు రాకపోతే ఏం చేయాలి అన్నది తేల్చండి. అత్యవసర వైద్యానికి మాత్రం దగ్గర ఉన్నవారిదే నిర్ణయం.

అయిదేళ్లు నిండని బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం అంటుంది. ఇది మొదటి మొగ్గు మాత్రమే. అదే చట్టం బిడ్డ క్షేమాన్ని అన్నిటికన్నా పైన పెట్టింది.

4. పాస్‌పోర్టుల సంగతి ఇప్పుడే తేల్చండి

అమెరికాలో పుట్టిన బిడ్డకు అమెరికా పాస్‌పోర్టు, భారత్‌లో ఉండటానికి ఓసీఐ కార్డు ఉంటాయి. పదహారేళ్ల లోపు పిల్లల అమెరికా పాస్‌పోర్టు అయిదేళ్లకే ముగుస్తుంది. కొత్తది తీసుకోవాలంటే తల్లిదండ్రులిద్దరూ ఒప్పుకోవాలి. రాలేనివారు డీఎస్-3053 ఫారంపై నోటరీ ముందు సంతకం చేసి పంపాలి. ఏడేళ్ల పాప పాస్‌పోర్టు గడువు వచ్చే ఏడాది ముగుస్తుంటే, ఆ సంతకం కోసం అవతలివారిని బతిమాలే పరిస్థితి మీకు రాకూడదు. "గడువుకు ఆరు నెలల ముందు, అడిగిన 15 రోజుల్లో సంతకం చేసి ఇవ్వాలి, ఇవ్వకపోతే ఈ ఆదేశమే ఆధారంగా ఒకరే దరఖాస్తు చేయవచ్చు" అన్న అర్థం వచ్చే వాక్యం డిక్రీలో పెట్టించండి.

భారత పాస్‌పోర్టున్న బిడ్డకైతే దరఖాస్తుతో ఇద్దరూ సంతకం చేసే అనెక్షర్-డి అనే ప్రకటన పత్రం, అవతలివారు ఒప్పుకోనప్పుడు అనెక్షర్-సి ఇవ్వాలి. ఓసీఐ ఉన్న పిల్లలకు కొత్త పాస్‌పోర్టు వచ్చిన ప్రతిసారీ ఆ వివరాలను ఓసీఐ పోర్టల్‌లో ఎక్కించాలి. ఇది మరిచిపోయి విమానాశ్రయంలో ఇబ్బందిపడినవారున్నారు.

మీకు తెలియకుండా బిడ్డకు అమెరికా పాస్‌పోర్టు తీసుకుంటారన్న భయం ఉంటే, అమెరికా విదేశాంగ శాఖ నడిపే పిల్లల పాస్‌పోర్టు హెచ్చరిక పథకంలో డీఎస్-3077 ఫారంతో పేరు నమోదు చేయండి. దరఖాస్తు వస్తే మీకు కబురు పంపుతారు. అప్పటికే పాస్‌పోర్టు చేతిలో ఉన్న బిడ్డ ప్రయాణాన్ని మాత్రం ఈ పథకం ఆపదు. దానికి కోర్టు ఆదేశమే కావాలి.

5. డబ్బు: బిడ్డ ఖర్చు వేరు, మీ ఇద్దరి లెక్క వేరు

ఈ రెంటినీ ఒకే మొత్తంగా కలిపి, "అన్నిటికీ కలిపి ఇంత" అని ముగించేస్తారు. దయచేసి అలా చేయవద్దు. భరణాన్ని మీరు వదులుకోవచ్చు, బిడ్డ పోషణ హక్కును వదులుకునే అధికారం మీకు లేదు. అది బిడ్డది. అలా వదిలేసినట్టు రాసుకున్నా బిడ్డ తరఫున మళ్లీ అడగవచ్చు.

ముందుగా ఇద్దరి ఆర్థిక స్థితి బయటపెట్టాలి. 2020 నవంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తరువాత, భరణం కేసుల్లో ఇద్దరూ ఆస్తులు, అప్పుల వివరాలతో అఫిడవిట్ వేయడం తప్పనిసరి. భరణం కూడా దరఖాస్తు వేసిన రోజు నుంచే లెక్క. కాబట్టి డబ్బు ఆగిపోతే, రేపు పంపుతారు, వచ్చే నెల పంపుతారు అని ఏడాది ఎదురుచూడటం మీకే నష్టం.

బిడ్డ ఖర్చు గురించి రాయవలసినవి:

- మొత్తం ఏ కరెన్సీలో? జీతం డాలర్లలో, ఖర్చు రూపాయల్లో. రూపాయల్లో రాసి ఏటా ఇంత శాతం పెంపు అని పెట్టడం, డాలర్లలో రాసి అలాగే ఉంచడం, రెండూ వాడుకలో ఉన్నాయి. బిడ్డ ఇక్కడ చదువుతుంటే నా మొగ్గు మొదటిదానికే, ఎందుకంటే బడి ఫీజు ఏటా పెరిగేది రూపాయల్లోనే.
- బడి ఫీజు, వైద్యం, విమాన టికెట్లు నెలసరి మొత్తంలో కలిసాయా, విడిగానా?
- ఎప్పటిదాకా? అమెరికాలో చాలా రాష్ట్రాల్లో పద్దెనిమిదేళ్లకు అటూ ఇటూ ఆగిపోతుంది, న్యూయార్క్‌లో 21. ఇంజనీరింగ్, మెడిసిన్ చదువు మొదలయ్యేదే పద్దెనిమిది దగ్గర. కళాశాల ఖర్చును పేరు పెట్టి రాయకపోతే తరువాత రాబట్టడం చాలా కష్టం.
- డబ్బు ఇచ్చేవారికి ఏమైనా అయితే? వారి జీవిత బీమాలో బిడ్డ పేరు ఉంచాలని రాయించండి.
- ఏ ఖాతాలోకి, ఏ తేదీకి? చేతికి ఇచ్చిన నగదు, బంధువుల ద్వారా పంపిన డబ్బు లెక్కలోకి రావు. ఇచ్చేవారికైనా తీసుకునేవారికైనా బ్యాంకు రికార్డే రక్ష.

ఇక మీ ఇద్దరి ఆస్తులు. హైదరాబాద్ ఫ్లాటును అమెరికా కోర్టు పంచిపెట్టినా, ఇక్కడ సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో పత్రం రిజిస్టర్ కానిదే పేరు మారదు. ఇంటి రుణం ఇద్దరి పేరా ఉంటే బ్యాంకుకు మీ డిక్రీతో సంబంధం లేదు. ఇల్లు వదులుకున్నవారు రుణం నుంచి తమ పేరు తీసేసినట్టు బ్యాంకు ఇచ్చిన లేఖ చూశాకే సంతకం పెట్టాలి. స్త్రీధనం భార్య సొంతం. బంగారం ఎవరి లాకర్లో ఉందో, ఎంత ఉందో తూకంతో సహా జాబితా రాసి, ఇచ్చిపుచ్చుకున్న రోజున ఇద్దరూ సంతకాలు చేయండి.

అదే రీతిలో 401కె వంటి అమెరికా పదవీ విరమణ ఖాతాను భారత కోర్టు డిక్రీ విడదీయలేదు. దానికి అక్కడి రాష్ట్ర కోర్టు ఇచ్చే క్వాడ్రో అనే ప్రత్యేక ఆదేశం కావాలి. ఉమ్మడి ఖాతాలు మూసేయండి. అమెరికాలో ఉన్న వ్యక్తి పేరు ఇక్కడి ఉమ్మడి ఖాతాల్లో మిగిలి ఉండి, వారి విదేశీ ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఎప్పుడైనా 10,000 డాలర్లు దాటితే అక్కడి ప్రభుత్వానికి ఎఫ్‌బార్ అనే విదేశీ ఖాతాల నివేదిక ఇవ్వాలి. స్వదేశానికి తిరిగి వచ్చి స్థిరపడినవారు ఎన్నారై ఖాతాలను రెసిడెంట్ ఖాతాలుగా మార్చుకోవాలి. ఇక్కడి నుంచి అమెరికాకు డబ్బు పంపవలసినవారు రిజర్వు బ్యాంకు సరళీకృత పథకం కింద ఆర్థిక సంవత్సరానికి రెండున్నర లక్షల డాలర్ల వరకు పంపవచ్చు.

పన్ను: 2018 తరువాత జరిగిన అమెరికా విడాకుల్లో భరణం ఇచ్చేవారికి పన్ను మినహాయింపు లేదు, తీసుకునేవారికి అక్కడ ఆదాయంగా లెక్క లేదు. బిడ్డ పోషణ డబ్బుకూ అంతే. భారత్‌లో మాత్రం నెలనెలా వచ్చే భరణాన్ని ఒకలా, ఏకమొత్తాన్ని మరొకలా చూస్తారు. మొత్తం ఖరారు చేసేముందే చార్టర్డ్ అకౌంటెంట్‌ను అడగండి.

6. ఒకే ఒప్పందాన్ని రెండు దేశాల్లో ఆదేశంగా మార్చుకోండి

ఒక దేశపు కోర్టు ఇచ్చిన సంరక్షణ ఆదేశంలోని షరతులనే రెండో దేశపు కోర్టు కూడా తన ఆదేశంగా ఇస్తే దాన్ని మిర్రర్ ఆర్డర్ అంటారు. సుప్రీంకోర్టే 2020లో బిడ్డను కెన్యాలోని తండ్రికి అప్పగిస్తూ, ముందుగా నైరోబీ కోర్టు నుంచి అలాంటి ఆదేశం తెమ్మంది. ఆ తండ్రి మోసపూరితంగా వ్యవహరించారని తేలడంతో 2021లో తన తీర్పునే వెనక్కు తీసుకుంది. అవతలి కోర్టు ఆదేశాన్ని మీ న్యాయవాది స్వయంగా చదివి, షరతులన్నీ అందులో ఉన్నాయని రాసి ఇచ్చాకే బిడ్డ విమానం ఎక్కాలి.

ఆచరణలో వరుస ఇలా ఉంటుంది. బిడ్డ మామూలుగా ఉండే దేశంలో ముందు ఆదేశం తీసుకోండి. మన కోర్టు ఆదేశమైతే దాన్ని అమెరికాలోని సంబంధిత రాష్ట్ర కోర్టులో యూసీసీజేఈఏ కింద నమోదు చేయించవచ్చు, ఆ చట్టం విదేశాన్నీ ఒక రాష్ట్రంగానే చూస్తుంది. అయితే అవతలివారికి సరైన నోటీసు అంది, వాదన వినిపించే అవకాశం ఇచ్చినట్టు ఆదేశంలో కనిపించాలి. అమెరికా ఆదేశమైతే అది ఇక్కడ నేరుగా అమలు కాదు. అవే షరతులతో ఇక్కడి ఫ్యామిలీ కోర్టులో ఇద్దరూ సమ్మతి పిటిషన్ వేసి ఆదేశం తీసుకోవాలి.

డబ్బు డిక్రీలకు వేరే లెక్క. బ్రిటన్, సింగపూర్, 2020 నుంచి యూఏఈ వంటి దేశాల డబ్బు డిక్రీలను సివిల్ ప్రొసీజర్ కోడ్ 44ఎ కింద నేరుగా జిల్లా కోర్టులో అమలుకు వేయవచ్చు. అమెరికా ఆ జాబితాలో లేదు. అమెరికా డిక్రీ ఆధారంగా ఇక్కడ కొత్తగా దావా వేయాలి, అదీ తీర్పు వచ్చిన మూడేళ్లలోపు. జీతం అమెరికాలో ఉన్నప్పుడు డబ్బు ఆదేశం అమెరికాలోనే తీసుకోవడం మేలని చెప్పేది ఇందుకే. అక్కడ జీతం నుంచే కోత పెట్టిస్తారు. బకాయి 2,500 డాలర్లు దాటితే అమెరికా పౌరుడికి పాస్‌పోర్టు నిరాకరిస్తారు.

సెలవులకు బిడ్డ దేశం దాటేటప్పుడు అదనపు భద్రత కావాలంటే, తీసుకెళ్లేవారు కొంత మొత్తం కోర్టులో డిపాజిట్ చేసి, బిడ్డ తిరిగి వచ్చాక వెనక్కు తీసుకునే షరతు కోరవచ్చు.

7. పత్రాలకు ముద్రలు వేయించండి

ఒక దేశపు పత్రం అసలైనదని ఇంకో దేశం నమ్మేలా వేసే ముద్రను అపోస్టిల్ అంటారు. భారత్ 2005 నుంచి ఆ ఒప్పందంలో ఉంది, అమెరికా కూడా ఉంది. అమెరికా రాష్ట్ర కోర్టు పత్రానికి ఆ రాష్ట్ర సెక్రటరీ ఆఫ్ స్టేట్ కార్యాలయం అపోస్టిల్ ఇస్తుంది. మన పత్రాలకు విదేశాంగ శాఖ ఇస్తుంది. అంతకు ముందు రాష్ట్ర స్థాయి ధ్రువీకరణ ఉంటుంది.

అమెరికాలో రాసిన అధికారపత్రం ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించాలి. ఈ గడువు దాటిపోయి కేసు వాయిదాలు పడటం తరచుగా జరుగుతుంది. కవరు చేరిన తేదీకి ఆధారం దాచండి. అధికారపత్రంలో ఏ కేసు, ఏ ఆస్తి, ఏ అధికారం అన్నది పేరుపేరునా రాయండి. "అన్ని పనులూ" అని అన్నదమ్ములకో బావగారికో రాసివ్వడం కొత్త తగవుకు దారి.

ఒప్పందం కుదరకపోతే, కుదిరినా అమలు కాకపోతే

బిడ్డను అక్రమంగా ఉంచుకున్నారనిపిస్తే బిడ్డ ఉన్న రాష్ట్రపు హైకోర్టులో, బిడ్డను కోర్టు ముందు హాజరుపరచమని కోరే హెబియస్ కార్పస్ పిటిషన్ వేసే దారి ఉంది. తెలంగాణకు హైదరాబాద్‌లో, ఆంధ్రప్రదేశ్‌కు అమరావతిలో. ఆలస్యం చేస్తే బిడ్డ కొత్త బడిలో, కొత్త స్నేహితుల మధ్య కుదురుకుంటుంది, కోర్టు దాన్నీ చూస్తుంది. వారాల్లో కదలండి, నెలల్లో కాదు. ప్రవాసుల చేతిలో మోసపోయిన మహిళలకు జాతీయ మహిళా కమిషన్‌లోని ఎన్నారై సెల్, తెలంగాణ పోలీసుల మహిళా భద్రతా విభాగంలోని ఎన్నారై సెల్, ఆంధ్రప్రదేశ్ వారికి ఏపీఎన్ఆర్‌టీ సంస్థ ఉన్నాయి. విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు పెట్టవచ్చు.

తరచుగా జరిగే తప్పులు

డబ్బు రాలేదని బిడ్డను చూపించడం మానేయడం, బిడ్డను చూపించలేదని డబ్బు ఆపేయడం. రెండు దేశాల కోర్టులూ వీటిని వేర్వేరు బాధ్యతలుగానే చూస్తాయి, రెండో తప్పు చేసినవారు మొదటి తప్పును చూపి తప్పించుకోలేరు. డబ్బుకు వేరే పిటిషన్, కలయికకు వేరే పిటిషన్.

వాట్సాప్‌లో "సరే, ఈసారి ఆగస్టు దాకా ఉంచుకో" అని రాసి, తరువాత అది బిడ్డ నివాసం మార్చడానికి సమ్మతిగా కోర్టులో కనిపించడం. ఏ అనుమతి ఇచ్చినా తిరిగి వచ్చే తేదీ అందులో ఉండాలి.

అమెరికా కోర్టు నుంచి వచ్చిన నోటీసును, మనకు వర్తించదులే అని పక్కన పెట్టడం. వెళ్లకపోతే వాళ్లు చెప్పిందే అక్కడ ఖరారవుతుంది. వెళితే ఆ కోర్టు పరిధిని ఒప్పుకున్నట్టు అవుతుందన్న భయం నిజమే. అందుకే జవాబు ఇచ్చేముందే, పరిధిపై అభ్యంతరం ఎలా తెలపాలో అక్కడి న్యాయవాదిని అడగాలి.

బిడ్డ చేత సందేశాలు పంపించడం. "నాన్నను ఫీజు అడుగు" అని ఏడేళ్ల పాపకు చెప్పకండి. పెద్దవాళ్ల మాటలకు ఒక ఈమెయిల్ పెట్టుకొని, బిడ్డ విషయాలు మాత్రమే అందులో రాసుకోండి.

సరిగ్గా చేశారో లేదో చూసుకోవడం

డిక్రీ చేతికి వచ్చాక, మీ కేసు ఏమీ తెలియని మనిషికి ఇచ్చి ఈ ప్రశ్నలు అడగండి. వచ్చే డిసెంబరు 25న బిడ్డ ఏ దేశంలో, ఎవరి దగ్గర ఉంటుంది? ఆ టికెట్ ఎవరు కొంటారు? పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉంది, గడువు ఎప్పుడు? ఈ నెల 10వ తేదీకి డబ్బు రాకపోతే ఏ ఊళ్లో, ఏ కోర్టులో అడగాలి? కాగితం చూసి వాళ్లు జవాబు చెప్పలేకపోతే, ఆ చోట మీ ఒప్పందంలో ఖాళీ ఉంది. సంతకాలకు ముందైతే సరిచేయించండి, తరువాతైతే సవరణ పిటిషన్ వేయండి.

మొదటి ఆరు నెలలు ఒక పుస్తకంలో డబ్బు వచ్చిన తేదీలు, జరిగిన కాల్స్, తప్పిన కాల్స్ రాయండి. వ్యాఖ్యలు వద్దు, తేదీ, సమయం చాలు. ఆరు నెలల తరువాత ఆ పుస్తకం తీసి, ఏ రోజున కాల్స్ ఎక్కువగా తప్పాయో చూడండి. చాలాసార్లు ఆ సమయం పాప ట్యూషన్‌దో, నిద్రదో అయి ఉంటుంది. ఆ గంట మార్చుకోవడానికి కోర్టుకు వెళ్లనక్కర్లేదు. ఇద్దరూ ఈమెయిల్‌లో ఒప్పుకుంటే సరిపోతుంది.